మిల్లు నీదే, ఆటా నీదే

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న దీవించి రాస్తున్నది.

బియ్యం మిల్లు తాళాలు నీ చేతికిచ్చానని మీ నాన్న ఫోన్ చేశాడు. గోల్ఫ్ మాత్రం వదలనంటున్నావట. వదలొద్దు నాన్నా. నలభై ఏళ్లు రెండూ లాక్కొచ్చినవాణ్ణి, చెప్తున్నా విను.

ముందు పంట చూసుకుని ఆట పెట్టుకో. సార్వా, దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో బ్యాగు ముట్టుకోకు. ఓ ఏడు దాళ్వా మధ్యలో విశాఖలో పోటీకని వెళ్లాను. ఇక్కడ అకాల వాన. మనవాళ్లు తడి ధాన్యం ఆరబెట్టకుండానే బస్తాలు నెట్టు కట్టేశారు. నాలుగో రోజు వచ్చి బస్తాల సందులో చెయ్యి పెడితే వేడన్నం గిన్నెలో పెట్టినట్టయింది. మర ఆడిస్తే బియ్యమంతా పసుపెక్కిపోయింది. గుమాస్తాని ఏమనను? 17 శాతం తేమ దాటింది దించవద్దని చెప్పాల్సిన నేను ఊళ్లో లేను.

మిగతా రోజుల్లో కరువుతీరా ఆడు. తెల్లారకుండా రాజమండ్రిలో రైలెక్కితే విశాఖలో 18 హోల్స్ ఆడి రాత్రికి ఇంటికొస్తావు. నెలకి రెండుసార్లు చాలు. రోజూ పొద్దున్నే మన కొబ్బరితోటలో ముప్పై అడుగుల దూరాన గోనెసంచి పరుచుకో. గడ్డి మీంచి వెడ్జ్‌తో, అదే బంతిని పైకి లేపే కర్రతో, బంతి లేపి, సంచి మీద పడేదాకా కొట్టు. స్కోరు పాడయ్యేది ఆ చిన్న దెబ్బల దగ్గరే. కోతైన చేలో మాత్రం వద్దు, బంతులన్నీ నెర్రెల్లోకి పోతాయి.

క్లబ్బు ఖర్చు మిల్లు ఖాతాలో రాయించకు. అందులో మీ అత్తలకీ వాటా ఉంది. బ్యాంకు మేనేజరు పక్కన ఆడుతున్నా లోను మాటెత్తకు, సోమవారం బ్యాంకుకెళ్లి అడుగు.

అమెరికా గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ సంగతి నీకు చెప్పానో లేదో. వృత్తికి లాయరు, డబ్బు కోసం ఆడలేదు. 1930లో నాటి నాలుగు పెద్ద టైటిళ్లూ ఒకే ఏడు గెలిచి, 28 ఏళ్లకే పోటీలు మానేశాడు. నాకు మాత్రం ఆయన ఓడిన ఆటే ఇష్టం. 1925 యూఎస్ ఓపెన్‌లో బంతి కాస్త కదిలిందని తన లెక్కలో తానే ఒక దెబ్బ జరిమానాగా కలుపుకున్నాడు. ఈ ఆటలో దెబ్బలు తక్కువైనవాడిదే గెలుపు. చివరికి స్కోరు సమమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. మన కాటా దగ్గరా అంతే. బస్తా పెట్టిన రైతు అంకె వంక చూడడు, నీ మొహం వంక చూస్తాడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు స్కోరు కార్డులు తీసుకురా. బాగున్నవే కాదు, 110 దెబ్బలు దాటి పాడైనవీ కావాలి. బంతిని గుంతలోకి దొర్లించే నా పాత పటర్‌ కర్రకి కొత్త గ్రిప్ వేయించి ఉంచాను. నీ చేతికి సరిపోతుందేమో చూద్దాం.

మీ పెదనాన్న