గౌను ముందు అంచు కాళ్ల కింద పడుతుంటే

తప్పు గౌనుది కాదు, వేసి చూసిన తీరుది. మీ చెల్లి పెళ్లికి బరంపురంలో కొన్న తెల్ల గౌను పర్లాకిమిడి తెచ్చి వేసి చూస్తే ముందు అంచు తొక్కుకుంటోందన్నారు కదా. తను చెప్పులు విప్పి, క్యాన్‌క్యాన్ (గౌను ఉబ్బుగా నిలబడేలా లోపల వేసే గట్టి నెట్ లంగా) లేకుండా వేసి చూసి ఉంటుంది. అప్పుడే కత్తెర పెట్టించకండి.

1. పెళ్లిరోజు వేసుకునే హీల్స్, క్యాన్‌క్యాన్ రెండూ వేయించండి. అందరూ వదిలేసేది ఇదే. రెండంగుళాల హీల్ అంచును దాదాపు అంతే లేపుతుంది, క్యాన్‌క్యాన్ ఇంకాస్త లేపుతుంది. ఇప్పుడే కత్తిరిస్తే ఆ రోజు చర్చిలో చీలమండలు కనిపిస్తాయి. పోయిన బట్ట తిరిగి రాదు.

2. తను ఎదురుగా చూస్తూ నిటారుగా నిలబడాలి. ఎంతవరకు వచ్చిందో అని వంగి చూసుకుంటే ముందు అంచు కిందికి జారి కొలత తప్పుతుంది. నేల మీద కూర్చుని మీరే పిన్నులు పెట్టండి, నేలకు అంగుళం ఎత్తులో.

3. పిన్నులతోనే నాలుగు మెట్లు ఎక్కించి, అంచు తొక్కుకుంటోందేమో చూడండి.

4. అంచుకు లేసు ఉంటే టైలర్ దాన్ని విప్పి, బట్ట తగ్గించాక మళ్లీ కుట్టాలి. లైనింగ్ కూడా తగ్గించమనండి, లేకపోతే కింద తొంగి చూస్తుంది.

వెనక నేల మీద జీరాడే ట్రెయిన్‌ను మాత్రం టైలర్‌ను ముట్టుకోనివ్వకండి.