పెకువారియా కనబడితే ఆగు

చిరంజీవి చిట్టికి, మామయ్య ఆశీస్సులు.

ప్రాచీన రోమన్ పండితుడు వర్రో రాసిన వ్యవసాయ గ్రంథంలో పశువుల భాగాన్ని లాటిన్ నుంచి నేరుగా తెలుగు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వీధిలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం బెంగ పట్టుకుంది. దీనికోసం పశువైద్య ఉద్యోగం మానేస్తానన్నావట, అలాంటి పిచ్చిపని చేశావో ఊరుకోను.

మంచి నిఘంటువు కొనుక్కో. రోజూ పైకి చదువు. ఇంగ్లీషు అనువాదం దగ్గర పెట్టుకోకు.

నా భయమంతా ఒక్క విశేషణం గురించి. ‘పశువులకు సంబంధించిన’ అని దాని అర్థం. పెకువారియుస్, పెకువారియా, పెకువారియుమ్: వరుసగా పుం, స్త్రీ, నపుంసక లింగాలు. మన ‘మంచి’ ఎద్దుకైనా ఆవుకైనా మారదు. లాటిన్ విశేషణం అలా కాదు, సుందరః, సుందరీ, సుందరమ్ లాగా నామవాచకం వెంట నడవాలి. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నావుగా, ఇప్పుడు పనికొస్తుంది.

పాదరీలు కాబోయేవాళ్లు చదివే సెమినరీలో నా పక్కన ఒక తెలివైన కుర్రాడు కూర్చునేవాడు. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యం ‘జార్జిక్స్’ మూడో భాగంలో ‘మిత్తే ఇన్ వెనెరెమ్ పెకువారియా ప్రీముస్’ అతని వంతుకు వచ్చింది. (సెమినరీలో చదవాల్సిన ఘట్టం కాదనుకో, గురువుగారికి వర్జిల్ అంటే ప్రాణం.) చివర ‘ఆ’ చూసి స్త్రీలింగ ఏకవచనం అనుకున్నాడు. ‘ఓ కాపరి పిల్లా, ముందుగా ప్రేమలోకి పంపు’ అన్నాడు. తరగతంతా గొల్లుమంది. గురువుగారు నవ్వలేదు. “పంపమన్నది వేటిని? ప్రీముస్ పుంలింగం కదా, పిల్లకు ఎలా అతుకుతుంది?” అని అడిగారు. అక్కడ పెకువారియా నపుంసక బహువచనం, ద్వితీయా విభక్తి: ‘మందలను’. అందరికంటే ముందు నువ్వే మందను జతకట్టించు అని రైతుకు చెప్పే మాట. అది అర్థమయ్యాక కూడా ఆ కుర్రాడు మళ్లీ తరగతిలో నోరు విప్పలేదు. నిన్ను చూసి అలా ఎవరైనా నవ్వితే నేను తట్టుకోలేను.

వర్రోలో ‘దే రే పెకువారియా’ వస్తుంది, ‘పశువుల విషయం గురించి’ అని. అక్కడ అదే రూపం ‘రే’ (విషయం)తో కలిసిన స్త్రీలింగ ఏకవచనం, చివరి అచ్చు దీర్ఘం; వర్జిల్ పాదంలో అది హ్రస్వం. ముద్రించిన పుస్తకాల్లో ఆ దీర్ఘపు గుర్తు సాధారణంగా వేయరు. పక్క మాటను అడక్కుండా అర్థం రాయకు.

ఎనభయ్యో ఏడు మూటాముల్లె సర్దుకోమంటోందని వర్రో క్రీ.పూ. 37లో మొదలుపెట్టిన గ్రంథమది. గొర్రె, మేక, పంది, ఎద్దు, గాడిద, గుర్రం, కంచరగాడిద, కుక్కలతో పాటు కాపరిని కూడా పశుసంపద లెక్కలోనే వేశాడు. చదువుతుంటే నీకూ కోపం వస్తుంది. గుర్రం పళ్లు చూసి వయసు కట్టే చోట మాత్రం నన్ను అడగకు, అది నీ విద్య.

మొదటి పుటలు పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి పంపు.

మామయ్య