కొవ్వొత్తి పేజీ తిప్పి చూడండి

ప్రశ్న: మా బాబు అయిదో తరగతి. పుస్తక ప్రదర్శనకు వెళ్తే పిల్లల సైన్స్ పుస్తకాలు గుట్టలుగా ఉంటున్నాయి, అన్నీ రంగురంగులే. ఏది మంచిదో అక్కడికక్కడే తేల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అట్ట సంగతి వదిలేసి కొవ్వొత్తి ప్రయోగం ఉన్న పేజీ తీయండి. చాలా ప్రయోగాల పుస్తకాల్లో అది ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోయి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. 'గాలిలో అయిదో వంతు ఉండే ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి' అని రాసి ఉంటే ఆ పుస్తకం మళ్లీ బల్లమీద పెట్టేయండి. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 16 శాతం దరిదాపులకు తగ్గేసరికే మంట నిలవదు. కాలిన ఆక్సిజన్‌కు బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి కూడా. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంట చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత గ్లాసు అంచు కిందనుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక లోపల మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆవిరి నీరవుతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది.

మంచి పుస్తకం ఈ సంగతి చెప్పి ఊరుకోదు, పిల్లవాడి చేతే తేల్పిస్తుంది. అదే గ్లాసు కింద ఒకసారి ఒక కొవ్వొత్తి, మరోసారి మూడు పెట్టి చూడమంటుంది. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ రెండుసార్లూ దాదాపు అంతే, కానీ మూడు పెట్టినప్పుడు నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. ఎక్కేది కూడా మంట వెలుగుతున్నంతసేపూ కాదు, ఎక్కువ భాగం అది ఆరే వేళకు, ఆరాక. ఈ రెండూ కళ్లారా చూసిన పిల్లవాడికి పాత జవాబు తప్పని ఎవరూ చెప్పనక్కర్లేదు. శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1860–61 చలికాలంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక్క కొవ్వొత్తినే ఆధారం చేసుకుని పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఒక్క వస్తువునే లోతుగా చూస్తే అంత నేర్చుకోవచ్చు. 'వెయ్యిన్నొక్క వింతలు' తరహా పుస్తకాల మీద మాకు పెద్దగా గురి లేకపోవడానికి కారణం అదే.

ఇంకా సమయం ఉంటే రుతువుల పేజీ చూడండి. భూకక్ష్యను పొడవాటి కోడిగుడ్డులా గీసి, సూర్యుడికి దగ్గరైతే వేసవి అన్న భావం కలిగిస్తే తప్పే. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, ఉండేది జనవరి మొదట్లో. మనం సంక్రాంతి ముందు చలికి వణికే రోజులవి! జులైలో ఆ దూరం 15.2 కోట్లు. రుతువులకు కారణం భూమి అక్షం వాలు.

గ్రహాల బొమ్మ పుస్తకంలో కొలత ప్రకారం పట్టదు, అది తప్పు కాదు. ఆ మాట చెప్పకపోవడమే తప్పు. సూర్యుణ్ని 14 సెంటీమీటర్ల బంతి అనుకుంటే భూమి ఒక ఆవగింజ, అదీ 15 మీటర్ల అవతల. నెప్ట్యూన్ 450 మీటర్ల దూరాన ఉంటుంది. ఈ లెక్క ఇచ్చి, బడి మైదానంలో అడుగులతో కొలవమన్న పుస్తకం దొరికితే బేరమాడకుండా కొనండి.

ప్రశ్న: తెలుగు సైన్స్ పుస్తకాల్లో మాటలు మా అమ్మాయికి కొరుకుడు పడటం లేదు. ఇంగ్లీషు పుస్తకాలే నయమా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చిక్కు భాషతో కాదు, వరసతో. తడి బట్ట ఎండలోకన్నా గాలి ఆడే చోట త్వరగా ఆరవచ్చని చూపించి, ఆ తర్వాత 'దీన్నే బాష్పీభవనం అంటారు' అంటే మాట అతుక్కుంటుంది. మాటతో మొదలుపెడితే పాప బెదిరిపోతుంది. రెండోది, ఒకే పుస్తకంలో ఒకచోట ఆమ్లజని, ఇంకోచోట ప్రాణవాయువు, మరోచోట ఆక్సిజన్ అని రాస్తే పిల్లలు అవి మూడు వాయువులనుకుంటారు. ఆక్సిజన్ అనే మాటనే చివరిదాకా వాడినా నష్టం లేదు. కానీ వడికీ (స్పీడ్) వేగానికీ (వెలాసిటీ), ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ, ద్రవ్యరాశికీ భారానికీ తేడా పాటించని పుస్తకం వద్దు. పై తరగతుల్లో ఆ గందరగోళాన్ని వదిలించడం కష్టం.

ప్రశ్న: పుస్తకంలో చెప్పినట్టే పసుపు కాగితంతో ప్రయోగం చేశాం. సోడా నీళ్లు చుక్క వేస్తే ఎర్రగా మారాలట, సరిగ్గా మారలేదు. లోపం ఎక్కడ?
– ఏడో తరగతి విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఏ సోడా అమ్మా? ఆ పుస్తకం చెప్పకపోవడమే లోపం కావచ్చు. వంటసోడా క్షార గుణం తక్కువ, అందుకే రంగు మార్పు అంతంతమాత్రం. బట్టలసోడా అయితే ఎర్రగా తిరుగుతుంది. పావు చెంచా బట్టలసోడాను అర గ్లాసు నీళ్లలో కరిగించు. పసుపు నీళ్లలో సరిగా కరగదు, కాబట్టి అర చెంచా పసుపును రెండు చెంచాల నీళ్లతో జారుగా కలిపి, తెల్ల కాగితానికి పలుచగా పూసి, నీడలోనే ఆరబెట్టు. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఎర్రబడ్డ చోట నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. బట్టలసోడా కంట్లో పడకుండా చూసుకో, పని అయ్యాక చేతులు కడుక్కో.

ప్రశ్న: తాతగారి కాలం నాటి సైన్స్ పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. పిల్లలకు ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కటకాలు (లెన్సులు), అయస్కాంతాలు, మొక్కల మీదివి నిక్షేపంగా ఇవ్వండి. ఖగోళం అయితే గ్రహాలు తొమ్మిదని ఉంటుంది, ప్లూటోను 2006లో ఆ జాబితానుంచి తీసేశారు. మూలకాల పట్టిక ఇప్పుడు 118 దాకా నిండింది. ఆ పేజీల్లో పెన్సిలుతో దిద్దే పని పిల్లలకే అప్పగించండి.