ఒగ్గుకథ పెద్దాయనతో ర్యాప్ చేస్తున్న అబ్బాయికి

చిన్నా,

ఒగ్గుకథ చెప్పే పెద్దాయనతో కలిసి ర్యాప్ పాట చేస్తానంటే అందరూ "ఆ రెండింటికీ ఎక్కడ పొసగుతుందిరా" అంటున్నారని రాశావు. 1986లో న్యూయార్క్‌లో రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం కుర్రాళ్లకూ అదే అనుమానం, అదీ తాము చేయబోయే పాట మీదే. నిర్మాత రిక్ రూబిన్ వాళ్లను ఏరోస్మిత్ బ్యాండ్ 1975లో చేసిన 'వాక్ దిస్ వే' అనే రాక్ పాట అందుకోమన్నాడు. దాని మొదట్లో వచ్చే డ్రమ్స్ ముక్క వాళ్లకు కొట్టిన పిండి. రికార్డు మీద ఆ ముక్కనే తిప్పి తిప్పి వేసుకుని ర్యాప్ చేసేవాళ్లు, పాట అందుకునేలోపే మళ్లీ వెనక్కి తిప్పేసేవాళ్లు, పాడేదెవరో కూడా పట్టించుకోకుండా.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. ఆయన కథ ఎత్తుకునే ముందు డోలు ఎలా నడుస్తుందో ఒక పూట కూర్చుని విను, నీ నోటికి లయ దొరికే చోటు అందులో ఉండే ఉంటుంది. కానీ ఆ ముక్క ఫోన్‌లో పట్టుకొచ్చి ఇంట్లో లూప్ చేసుకుని సరిపెట్టకు, ఆయన్ని స్టూడియోకి రమ్మను. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ స్వయంగా వచ్చి పాడారు, వాయించారు కాబట్టే ఆ పాటకి అంత ప్రాణం వచ్చింది.

అసలు పేచీ మాటల దగ్గర. టైలర్ రాసిన సాహిత్యం ఆ బృందంలో ర్యాప్ చేసే ఇద్దరికీ, రన్‌కీ డీఎంసీకీ, ససేమిరా నచ్చలేదు, మొదట మనసు పెట్టకుండా చదివేశారు. వాళ్ల డీజే జామ్ మాస్టర్ జే నచ్చజెప్పాక మళ్లీ మైకు ముందుకొచ్చి, తమ పాటల్లో చేసినట్టే ఒకరు ఎత్తుకున్న లైను ఇంకొకరు అందుకుంటూ అవే మాటలు చెప్పారు. ఈసారి అవి వాళ్ల సొంతమయ్యాయి. పెద్దాయన మాటలు పాతగా ఉన్నాయని నువ్వు దిద్దకు, ముందు నోటికి రానీ.

1977లో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 10వ స్థానం దగ్గర ఆగిన ఆ పాట ఈసారి 4వ స్థానానికి ఎక్కింది. రాక్ వాళ్లు ర్యాప్‌కి తలుపు తీశారని చాలామంది అంటారు గానీ, అప్పటికి మార్కెట్ పడిపోయి ఉన్న ఏరోస్మిత్‌ని మళ్లీ నిలబెట్టింది ఈ కుర్రాళ్లేనని నేను గట్టిగా అంటాను. నువ్వు ఆయనకి అవకాశం ఇస్తున్నాననే భావం మనసులో ఉంటే ఇప్పుడే తీసేయ్.

డబ్బు సంగతి రికార్డింగ్‌కి ముందే తేల్చుకోండి. 'వాక్ దిస్ వే' కొత్త రికార్డు మీద కూడా రచయితలుగా టైలర్, పెర్రీ పేర్లే ఉన్నాయి. మీ పాటకి ఆయన పేరు ఎక్కడ వేస్తారో, వాటా ఎంతో తెలుగులో కాగితం మీద పెట్టి, ఆయనకి చదివి వినిపించి, ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోవడానికి రెండు రోజులు టైమివ్వు. స్టూడియో బుకింగ్ ఆ తర్వాతే.

మీ బాబాయ్