చిన్నా, నైట్రస్ కంటే ముందు పెట్రోల్ సంగతి చూడు

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

కారు ఇంజిన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ చల్లి పవర్ పెంచే నైట్రస్ కిట్ పెడదామనుకుంటున్నానని రాశావు. ఇంజిన్ లోపల ఏమీ మార్చలేదని, కంపెనీ నుంచి వచ్చిన పిస్టన్లే ఉన్నాయని కూడా చెప్పావు. వద్దు అనను. నీ వయసులో నేనూ ఆ పనే చేసి ఒక ఇంజిన్ పోగొట్టుకున్నాను. అది ఎందుకు పోయిందో నీకు తెలియాలి.

ఆ రోజు ట్రాక్ మీద మూడో రన్. నైట్రస్ బటన్ నొక్కిన రెండు సెకన్లకే ఊపు తగ్గి, వెనక నుంచి నీలం పొగ వచ్చింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ అంచు రింగుల దాకా కరిగిపోయి ఉంది. చూసినవాళ్లంతా నైట్రస్ ఎక్కువైందన్నారు. కాదు. పెట్రోల్ ఫిల్టర్ సగం పూడుకుపోయింది. మామూలుగా తిరిగేటప్పుడు ఆ లోటు నాకు తెలియలేదు.

నైట్రస్ తనంతట తాను మండే గ్యాస్ కాదు. సిలిండర్‌లోని వేడికి విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం ఉంటే, నైట్రస్‌లో 36 శాతం ఉంది. ఆ అదనపు ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోల్ అందితే పవర్ వస్తుంది. అందకపోతే మిశ్రమంలో పెట్రోల్ తగ్గి, అంటే పల్చబడి, వేడి, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి దానంతట అదే పేలడం) పెరుగుతాయి. స్టాక్ పిస్టన్లు పోత పోసినవి, ఆ దెబ్బకి ఆగవు.

అందుకే కిట్ కొనకముందే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ ఎంత ప్రెషర్ నిలుపుతోందో చూసే పరీక్ష) చేయించు. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే ఆ ఇంజిన్‌కి నైట్రస్ ఆలోచనే వద్దు. పెట్రోల్ ఫిల్టర్ కొత్తది వెయ్యి. ఫుల్ థ్రాటిల్‌లో, పై ఆర్‌పీఎంలో ఫ్యూయల్ ప్రెషర్ నిలబడుతోందో లేదో గేజ్ పెట్టి చూడు. ఐడిల్‌లో చూసిన అంకె ఇక్కడ పనికిరాదు.

మొదటి షాట్, అంటే నైట్రస్‌తో అదనంగా తీసే పవర్, ఎంత అని అడిగావు. నాలుగు సిలిండర్ల స్టాక్ ఇంజిన్‌కి 35 నుంచి 50 హార్స్‌పవర్, అంతే. 75 హార్స్‌పవర్ జెట్ (ఎంత వెళ్లాలో కొలిచే చిన్న రంధ్రపు ముక్క) కూడా కిట్‌లోనే వస్తుంది, చెయ్యి అటే పోతుంది. దాన్ని డబ్బాలోంచి తియ్యకు. నైట్రస్ జెట్, పెట్రోల్ జెట్ జతగా వస్తాయి. కంపెనీ చార్ట్‌లో ఉన్న జత తప్ప ఒకటి మార్చి ఇంకొకటి ఉంచడం అనేది ఎప్పుడూ జరగకూడదు. అందుకే కొత్తవాడికి నేను వెట్ కిట్టే చెబుతాను. నైట్రస్‌తో పాటు దానికి కావలసిన పెట్రోల్‌ని కూడా అదే చల్లుతుంది. డ్రై కిట్‌లో ఆ పెట్రోల్‌ని ఇంజిన్ ఇంజెక్టర్లే ఇవ్వాలి, కాబట్టి ట్యూనింగ్ తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

ఇగ్నిషన్ టైమింగ్ ప్రతి 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీల చొప్పున రిటార్డ్ చెయ్యి, అంటే ప్లగ్గు నిప్పురవ్వ ఆలస్యంగా పడేలా పెట్టు. నైట్రస్‌తో మంట తొందరగా పాకుతుంది, పాత టైమింగే ఉంచితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ప్రెషర్ దాని నెత్తిన పడుతుంది. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని తొందరగా బయటికి పంపేవి) వేసి, గ్యాప్ 0.9 మిల్లీమీటర్ల లోపు పెట్టు. పెట్రోల్ నీకు దొరికే వాటిలో ఎక్కువ ఆక్టేన్ ఉన్నది పోయించు. వీటిలో ఏదీ ఖరీదైన పని కాదు.

ఇప్పుడు స్విచ్‌ల సంగతి. చేతి బటన్ ఒక్కటే పెట్టుకుంటానన్నావు, ఆ మాట చదివి నాకు టెన్షన్ వచ్చింది. సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) తెరుచుకుంటే సెకనుకి వచ్చే నైట్రస్ దాదాపు ఒకటే, ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతున్నా సరే. అంటే 2000 ఆర్‌పీఎంలో ఒక్కో స్ట్రోక్‌కి పడేది 4000లో పడే దానికి రెట్టింపు. పిస్టన్‌ని పట్టి ఉండే రాడ్లు వంగేది అక్కడే. కాలు పూర్తిగా నొక్కితేనే నైట్రస్ వదిలే ఫుల్ థ్రాటిల్ స్విచ్ పెట్టు. ఆర్‌పీఎం విండో స్విచ్ పెట్టి, 3000 దాటాకే మొదలై, రెవ్ లిమిటర్‌కి (ఇంజిన్ వేగానికి పెట్టిన హద్దు) కొన్ని వందల ముందే ఆగేలా చూడు. ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతే నైట్రస్‌ని కట్ చేసే స్విచ్ కూడా వెయ్యి. ఆ చిన్న స్విచ్ ఉండి ఉంటే నా పిస్టన్ కరిగేది కాదు. సోలినాయిడ్లకి కరెంటు రిలే ద్వారానే వెళ్లాలి, ఫ్యూజ్ ఉండాలి.

బాటిల్ విషయంలో నిర్లక్ష్యం అస్సలు పనికిరాదు. డిక్కీలో బ్రాకెట్లతో బిగించు, తాడు కట్టడం కాదు. అదనపు ప్రెషర్ వదిలే గొట్టం కారు బయటికి పోవాలి. కారుకి వాడే నైట్రస్‌లో సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు, పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కలపనిది కూడా మూసిన కారులో నిండితే ఊపిరాడదు. ద్రవంగా బయటికి వచ్చేటప్పుడు అది మైనస్ 88 డిగ్రీల దాకా చల్లబడుతుంది, గ్లవ్స్ లేకుండా లైన్ విప్పకు. ఫిట్టింగులకి గ్రీజు, ఆయిల్ తగలనివ్వకు.

బాటిల్ ప్రెషర్ 900 నుంచి 950 పీఎస్ఐ మధ్య ఉంటే బాగా పనిచేస్తుంది. వేడెక్కి 1100 దాటిందంటే జెట్ నుంచి నైట్రస్ ఎక్కువ దూరి మిశ్రమం పల్చబడుతుంది. థర్మోస్టాట్ ఉన్న హీటర్ వాడు. మంట చూపించి వేడి చేసేవాళ్లని చూశాను, వాళ్ల పక్కన నిలబడకు కూడా. ఇంకో మాట, ప్రెషర్ గేజ్ చూసి బాటిల్‌లో ఎంత ఉందో చెప్పలేం. ద్రవం మిగిలి ఉన్నంత సేపూ ప్రెషర్ ఉష్ణోగ్రతని బట్టే ఉంటుంది. తూకం వేసి చూడు.

రన్ అయ్యాక బాటిల్ వాల్వ్ చేత్తో మూసెయ్. సోలినాయిడ్ మీద నమ్మకం పెట్టుకోకు. అది కొంచెం కారినా ఆపి ఉన్న ఇంజిన్ మానిఫోల్డ్‌లో (గాలి లోపలికి వెళ్లే గొట్టాల్లో) నైట్రస్ నిండుతుంది. తరువాత తాళం తిప్పగానే బ్యాక్‌ఫైర్ అయితే మానిఫోల్డ్ ముక్కలవుతుంది, బానెట్ కూడా లేస్తుంది. మూశాక లైన్‌లో మిగిలింది కూడా ఖాళీ చెయ్యి. వాసన వచ్చినా, హిస్ అన్నా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు.

రోడ్డు మీద మాత్రం వద్దు. చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు, పైగా ముందు ఎవరు అడ్డం వస్తారో నీ చేతిలో లేదు. ట్రాక్ మీద మొదట నైట్రస్ లేకుండా ఒక రన్, తరువాత రెండు సెకన్ల స్ప్రే, అంతే. ఏఎఫ్ఆర్ గేజ్‌లో (గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపేది) 12 చుట్టూ ఉండాలి, 13 దాటితే వెంటనే కాలు తియ్యి. దిగి ప్లగ్గులు విప్పి టార్చ్ వేసి చూడు. పింగాణీ మీద చిన్న చిన్న నల్ల మచ్చలు గానీ మెరిసే అల్యూమినియం చుక్కలు గానీ కనిపిస్తే నాకింగ్ మొదలైనట్టే. ఆ రోజుకి ఇంకో రన్ లేదు.

మొదటి రన్ ప్లగ్గుల ఫోటోలు నాలుగూ సిలిండర్ వరుసలో పెట్టి పంపు. నేను చూసి చెప్పేదాకా రెండో రన్‌కి వెళ్లకు.

నీ మామయ్య