చిర్రుబుర్రులాడటం అంటే కోప్పడటమేనా?

‘మా మేనేజరు నా మీద చిర్రుబుర్రులాడారు’ అని రాయవచ్చా, ‘కోప్పడ్డారు’ అనాలా, రెండూ ఒకటేనా అని అడిగారు. ఒకటి కాదండీ.

కోప్పడటానికి ఏదో ఒక కారణం ఉంటుంది, ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, కాసేపటికి అయిపోతుంది. చిర్రుబుర్రులకు ఇవేవీ అక్కర్లేదు. ఎదురుపడ్డ ప్రతివాళ్ల మీదా, చేతికందిన ప్రతి వస్తువు మీదా విసురు విసురుగా బయటపడే చిరాకు అది.

నేను ఇదివరకు పనిచేసిన చోట ఒక పెద్దాయన ఉండేవారు. కుర్చీ బర్రున లాగి కూర్చునేవారు. ‘ఏంటి? అక్కడ పెట్టి వెళ్లు. ఆ తలుపెవరు వేస్తారు?’ ఫోన్ మోగితే ‘వీడొకడు’. ఇందులో ఒక్కటీ తిట్టు కాదు. విడివిడిగా చూస్తే పట్టించుకోవాల్సినవీ కావు. అన్నీ కలిస్తేనే చిర్రుబుర్రులు. ‘సారు పొద్దున్నుంచీ చిర్రుబుర్రులాడుతున్నారు, సెలవు సంగతి ఇవాళ ఎత్తకు’ అని ఒకళ్లనొకళ్లం హెచ్చరించుకునేవాళ్లం. నిజంగా కోపమొచ్చిన రోజు మాత్రం ఆయన గొంతు తగ్గించి, ‘నువ్వు’ కాస్తా ‘మీరు’ చేసేవారు. మాకు వణుకు పుట్టేది ఆ రోజునే.

ఇంకో సంగతి. ఈ మాటలో చిన్న తీర్పు కూడా దాగుంది: ‘అంత కోపం తెచ్చుకునే విషయం కాదిది’ అని. అందుకే పెద్దవాళ్లు పిల్లల్ని ‘ఎందుకలా చిర్రుబుర్రులాడతావ్?’ అంటారు గానీ, పైవాళ్ల ముఖాన ఎవరూ అనరు. మోసపోయి న్యాయం అడుగుతున్నవాణ్ణి చిర్రుబుర్రులాడుతున్నాడంటే అతన్ని చులకన చేసినట్టే. పత్రికల్లో ప్రతిపక్షం ప్రభుత్వంపై ‘మండిపడుతుంది’, ‘నిప్పులు చెరుగుతుంది’. చిర్రుబుర్రులాడిందని రాసి చూడండి, నవ్వొస్తుంది.

దీని చుట్టాలు చాలానే ఉన్నాయి. ధుమధుమలు ముఖంలో కనిపిస్తాయి, నోరు విప్పక్కర్లేదు. రుసరుసలు నడకలో తెలుస్తాయి. ‘రుసరుసలాడుతూ వెళ్లిపోయింది’ అంటాం. కస్సుబుస్సు ఇంకాస్త గట్టిది, అందులో పాము బుస ఉంది. కస్సుమనడం, బుస్సుమనడం విడివిడిగానూ ఉన్నాయి. చిర్రుబుర్రుకు ఆ సౌకర్యం లేదు. ‘చిర్రెత్తుకొచ్చింది’ అంటాం గానీ ‘బుర్రెత్తుకొచ్చింది’ అనం. రెండోది వట్టి జోడీ.

ఎవరి మీదో చెప్పాలంటే ‘మీద’ ఉండాలి: ‘పిల్లల మీద చిర్రుబుర్రులాడకు’. కసరడమైతే ‘పిల్లల్ని కసిరాడు’ అనవచ్చు, ‘పిల్లల్ని చిర్రుబుర్రులాడాడు’ అనేది మాత్రం తెలుగు కాదు. స్వభావం చెప్పాలంటే ‘ముక్కోపి’ ఉంది, ‘ముక్కు మీదే కోపం’ ఉంది. చిర్రుబుర్రులు ఆ పూటవి. శాంతమూర్తి కూడా తలనొప్పి వచ్చిన రోజు ఆడతాడు. అసలు కారణం ఎక్కడో ఉండి మీరు దొరికిపోయారనుకోండి, దానికి ‘అత్త మీద కోపం దుత్త మీద’ అన్న సామెత సరిపోతుంది.

ఇక మీ వాక్యం. పని ఎందుకు ఆలస్యమైందని నిలదీశారా? అయితే ‘కోప్పడ్డారు’ అనే రాయండి. అలాంటిదేమీ లేకుండా, వచ్చినప్పటినుంచీ అందరితోనూ అదే వరసైతే ‘చిర్రుబుర్రులాడుతున్నారు’ అనండి. ‘నా మీద’ కూడా తీసేయవచ్చు.