డీసీపీ తగ్గించాక గుడ్డు పెంకు పలచబడింది, ఎందుకు?

ప్రశ్న: మాది అనపర్తి దగ్గర లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం. మేత మేమే ఆడించుకుంటాం. టన్నుకు 5.5 కిలోల డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్) తగ్గించి, గ్రాముకు 5000 యూనిట్లున్న ఫైటేజ్ ఎంజైమ్ 100 గ్రాములు వేస్తున్నాం. నెల తిరక్కుండానే పగులు గుడ్లు పెరిగాయి. ఎంజైమ్ పనిచేయడం లేదా?

జవాబు: ముందు గ్రిట్ (కాల్షియం కోసం వేసే సున్నపురాయి లేదా గవ్వల పలుకు) లెక్క చూడండి. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడులో భాస్వరం మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే, కోడికి అరగని రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని ఫైటేజ్ విడదీస్తుంది. మీ మోతాదు కిలో మేతకు 500 యూనిట్లు, దాంతో టన్నుకు సుమారు కిలో భాస్వరం అందుతుంది. డీసీపీలో భాస్వరం 18 శాతం కనుక 5.5 కిలోలు తీయడం సబబే. అయితే దాంతోపాటు 1.25 కిలోల కాల్షియం కూడా పోయింది. 38 శాతం కాల్షియమున్న గ్రిట్ 3.3 కిలోలు అదనంగా వేయాలి.

ఈ లోటు ఒక్కటే అన్ని పగుళ్లు తేదు. ఎండలకు కోడి తిండి తగ్గిస్తుంది. 3.8 శాతం కాల్షియమున్న మేత 110 గ్రాములు తింటే 4.2 గ్రాముల కాల్షియం అందుతుంది, 95 గ్రాములకు పడిపోతే 3.6 గ్రాములే. రోజూ మిగులు మేత తూచి చూడండి. గ్రిట్ అంతా పొడిగా ఉంటే త్వరగా కరిగిపోతుంది. పెంకు తయారయ్యేది రాత్రిపూట కాబట్టి సగానికి పైగా 2–4 మిల్లీమీటర్ల పలుకు ఉండాలి.

ఫైటేజ్ నిజంగా పనిచేయకపోతే కోళ్లు కాళ్లు నిలవక పంజరంలో చతికిలబడతాయి, గుడ్లూ తగ్గుతాయి. అలా కనిపిస్తే డీసీపీ వెంటనే పాత మోతాదుకు తెచ్చి, కలిపే పద్ధతి సరిచూడండి. 100 గ్రాములను నేరుగా మిక్సర్‌లో పోయకూడదు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో, తర్వాత 10 కిలోల్లో కలిపి అప్పుడు వేయాలి. కోలిన్ క్లోరైడ్‌తో కలిపి నిల్వ ఉంచితే అది తేమ లాగి ఎంజైమ్‌ను చంపుతుంది. విప్పిన ప్యాకెట్ రేకుల షెడ్డులో వదలొద్దు.

ప్రశ్న: నూనె తీసిన తవుడు 5 నుంచి 10 శాతానికి పెంచి జైలనేజ్ ఎంజైమ్ వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు, కానీ జైలనేజ్ పీచులోని అరబినోజైలాన్‌నే విడగొడుతుంది. తవుడులో కలిసిన ఇసుకనూ, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్నీ ఏమీ చేయలేదు. ప్రతి లోడు పరీక్ష చేయించండి. ఫైటేజ్, జైలనేజ్, ప్రోటియేజ్ (మాంసకృత్తులను విడగొట్టే ఎంజైమ్) ప్యాకెట్ల మీద రాసిన శక్తి, మాంసకృత్తుల ఆదా మూడూ కూడి మేత ఫార్ములాలోంచి తీసేయకండి. ఒకటి విడదీసిన పోషకాన్నే రెండోది కూడా లెక్కలో చూపిస్తుంది, లోటు గుడ్డు బరువులో బయటపడుతుంది.